అమ్మకానికి బొంత, పెట్టుపోతలకు బొంత: మిషన్ ఎంబ్రాయిడరీ పనికి ధర కట్టే పద్ధతి

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ ప్రాంతాల తెలుగు ఇళ్ళలో బొంత కుట్టడం కొత్త విద్యేమీ కాదు. పాత నేతచీరలను నాలుగైదు పొరలుగా పరిచి, టాకాలు వేసి, మధ్యాహ్నాల తీరికలో చేతి సూదితో కుట్టుకుంటూ పోయే ఆ బొంతకు ధర అడిగినవారూ లేరు, చెప్పినవారూ లేరు. కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్ ఇంటికి వచ్చిన తర్వాత కొత్త గుడ్డ, కొన్న దారం, కొన్న డిజైను, వాయిదాల మీద తెచ్చిన యంత్రం అన్నీ కలిసి బొంత ఖరీదైన వస్తువుగా మారింది. ధర చెప్పే నోరు మాత్రం పాతచీరల కాలంలోనే ఆగిపోయింది. గుడ్డకూ దారానికీ అయిన ఖర్చు మీద ఓ అయిదువందలు కలిపి చెప్పడం, ఎదుటివారు ముఖం చిట్లించగానే అందులోనూ వంద తగ్గించడం మన దగ్గర సర్వసాధారణం.

ఈ ఇబ్బందికి మూలం బేరమాడలేకపోవడం కాదు. బొంత పూర్తయ్యాక ధర ఆలోచించడమే అసలు చిక్కు. అమ్మే బొంతా, పెట్టే బొంతా మొదటి కుట్టు పడకముందే వేరైపోవాలి. అమ్మదలచిన బొంతకు ముందు ధర ఖాయం చేసుకుని, ఆ ధరలో ఇమిడే డిజైనును ఎంచుకోవాలి. పెట్టదలచిన బొంతకు ముందు మనిషిని ఖాయం చేసుకుని, ఆ మనిషికి తగిన పని చేయాలి. ఈ వరుస తప్పినప్పుడే కానుకగా పెట్టవలసినంత పనితనం ఉన్న బొంత గుడ్డ ఖరీదుకే అమ్ముడుపోతుంది.

గంటల లెక్క

ఒక సింగిల్ మంచం బొంతను ఉదాహరణగా తీసుకుందాం. కుట్టు పోగా 12 అంగుళాల చదరాలు అడ్డంగా 5, నిలువుగా 7, మొత్తం 35. చుట్టూ 3 అంగుళాల అంచు కలిపితే బొంత 66 అంగుళాల వెడల్పు, 90 అంగుళాల పొడవు వస్తుంది. చదరంగం గళ్ళలాగా ఒకటి విడిచి ఒకటి ఎంబ్రాయిడరీ చేస్తే 18 చదరాలకు పని, 17 సాదా. ఒక్కో డిజైను 20,000 కుట్లది, ఆరు రంగులది అనుకుందాం. ఇక్కడ వేసిన రేట్లు లెక్క అర్థం కావడానికి అనుకున్నవి మాత్రమే. మీరు సరుకు కొన్న బజారు బిల్లులో ఏముంటే అది వేసుకోవాలి.

మిషన్ డబ్బా మీద నిమిషానికి 800 కుట్లని రాసి ఉన్నా, దారం తెగడం, వంపుల దగ్గర వేగం తగ్గడం కలిపి చూస్తే సగటున 500 పడితే గొప్ప. అంటే చదరానికి సూది నడిచేది 40 నిమిషాలు. ఒకే సూది మిషన్ కాబట్టి రంగు మార్చిన ప్రతిసారీ పాత దారం తీసి కొత్తది ఎక్కించాలి. ఆరు రంగులకూ కలిపి దానికి 12 నిమిషాలు. కుట్లకు గుడ్డ ముడుచుకోకుండా వెనక పేపర్ పెట్టి, గుడ్డను ఫ్రేములో ముడత లేకుండా బిగించడానికి మరో 8 నిమిషాలు. మొత్తం గంట.

ఆ గంటనంతా కూలిగా వేయాలా వద్దా అన్నది ఎప్పుడూ వచ్చే వాదమే. మిషన్ దానంతటదే కుడుతుంటే మనం కూర్చున్నందుకు డబ్బెందుకని ఇంట్లోవాళ్ళే అంటారు. సూది నడుస్తున్నప్పుడు పప్పు కడుక్కోవచ్చు, అంచు పట్టీ కత్తిరించుకోవచ్చు. ఇల్లు విడిచి బజారుకు మాత్రం వెళ్ళలేము. అడుగునుంచి వచ్చే బాబిన్ దారం అయిపోయినా యంత్రం గమనించక ఖాళీగా పొడుచుకుంటూ పోవచ్చు, గుడ్డ అంచు మడతపడి డిజైను కిందికి వెళ్ళిపోవచ్చు. అందువల్ల చేతులతో చేసిన 20 నిమిషాలను పూర్తిగా, కాపలా ఉన్న 40 నిమిషాలను సగంగా లెక్కించడం న్యాయం. అలా చదరానికి 40 నిమిషాల కూలి అయింది. 18 చదరాలకు 12 గంటలు.

లెక్కలోకి రాకుండా జారిపోయే పనులన్నీ ఆ తర్వాతే మొదలవుతాయి. ఒక రేకు నుంచి ఇంకో రేకుకు మిషన్ దూకిన చోట మిగిలే దారాలను చిన్న కత్తెరతో తీయడం, వెనక పేపర్ చింపడం, బోర్లా వేసి మెత్తటి గుడ్డ మీద ఇస్త్రీ చేయడం చదరానికి 10 నిమిషాల పని. మొత్తం 3 గంటలు. మిగిలిన చదరాలు కత్తిరించి, 35 చదరాలనూ మూలలు కలిసేలా జోడించి అంచులు వేయడానికి 7 గంటలు. పైగుడ్డ, దూది షీటు, అడుగుగుడ్డ నేల మీద పరిచి పిన్నులు పెట్టి మూడు పొరలనూ కలిపి కుట్టడానికి 8 గంటలు. ఈ బరువంతా చిన్న మిషన్ మెడ కింద తిప్పవలసిన పని ఇది, భుజాలు దీనికే పోతాయి. అంచు పట్టీకి 4 గంటలు. ఉతకడం, ఇస్త్రీ, ఫొటోలు, కొనేవారితో ఫోను మాటలకు 2 గంటలు. అన్నీ కలిపితే 36 గంటలు.

గంటకు ఎంత వేయాలన్న ప్రశ్నకు ఒక గట్టి ఆధారం ఉంది. 2024లో ఒడిశా ప్రభుత్వం కనీస వేతనాలను సవరించినప్పుడు నైపుణ్యం లేని పనికి రోజుకు 450 రూపాయలు, నైపుణ్యం గల పనికి 550 రూపాయలు నిర్ణయించింది. వాటి మీద కరవు భత్యం వేరుగా చేరుతుంది. 550ని 8 గంటలకు పంచితే గంటకు దాదాపు 70 రూపాయలు. ఇది అడుగుమట్టం. ఇంటిపట్టున చేసే పని కాబట్టి ఇంతకంటే తక్కువ చాలనుకోవడం, బయట టైలరుకు ఇచ్చే కూలి ఇంటి ఆడమనిషికి అక్కర్లేదనుకోవడమే అవుతుంది. 36 గంటలకు 2,520 రూపాయలు.

సామగ్రిలో మొదట గుడ్డ చూడాలి. 12 అంగుళాల చదరం కోసం ఫ్రేములో బిగించడానికి 14 అంగుళాల ముక్క కావాలి, అంటే 44 అంగుళాల పన్నాలో అడ్డంగా మూడే వస్తాయి. ఎంబ్రాయిడరీ బొంతకు మామూలు లెక్కకన్నా గుడ్డ ఎక్కువ పట్టేది ఇక్కడే. పైగుడ్డకు, అంచుకు, అడుగుకు, పట్టీకి కలిపి 10 మీటర్లు. మీటరు 120 చొప్పున 1,200. దూది షీటు 350. మొత్తం 3,60,000 కుట్లు. వెయ్యి కుట్లకు అయిదారు మీటర్ల పైదారం పోతుంది కనుక 2,000 మీటర్ల దారం, దానికి తగిన బాబిన్ దారం కలిపి 200. పేపర్ 100, సూదులూ చిల్లర 50. మొత్తం 1,900.

యంత్రం అరుగుదలను చాలామంది వేయరు. వేసేవారు కరెంటు పేరుతో వేస్తారు. ఇంటి మిషన్ 18 గంటలు నడిచినా కరెంటు ఒకటి రెండు యూనిట్లు దాటదు. అరిగేది మిషనే. లక్ష రూపాయల మిషన్ 5,000 గంటలు పని చేస్తుందనుకుంటే గంటకు 20 రూపాయలు. 18 గంటలకు 360. కరెంటు, నూనె, సర్వీసు వాటా కలిపి 400 వేసుకోవచ్చు.

సామగ్రి 1,900, కూలి 2,520, యంత్రం 400 కలిపితే 4,820. పాడైన చదరాలు, రంగు దిగిన గుడ్డ వంటి నష్టాలకు 5 శాతం చేరిస్తే 5,060. దాని మీద 15 శాతం లాభం వేస్తే 5,820 రూపాయలు. లాభమూ కూలీ ఒకటే అనుకోకూడదు. కూలి మన చేతులకు వచ్చేది, లాభం వచ్చే ఏడాది కొత్త మిషన్ కొనడానికి మిగలవలసింది.

ధరకు తగిన డిజైను

5,820 అని చెప్పగానే కొనేవారి మనసులో మెదిలేది మన పని కాదు, బజారులో దొరికే పానిపట్టు రగ్గులూ, జైపూర్ రజాయీలూ. వాటితో పోటీకి దిగి ధర తగ్గించడం దండగ. ఫ్యాక్టరీ దుప్పటికి గంటలు ఉండవు. మార్చవలసింది డిజైను.

పై బొంతలో 35 చదరాలకూ ఎంబ్రాయిడరీ చేశారనుకోండి. అదనంగా 17 చదరాలకు 14 గంటల కూలి, మరో 17 గంటల మిషన్, దారం, పేపర్ కలిసి అమ్మకపు ధర 7,800 దగ్గరికి చేరుతుంది. దాదాపు 2,000 రూపాయలు పెరిగినా, చూసేవారి కంటికి బొంత రెండింతలు అందంగా కనబడదు. నిజానికి సాదా చదరం పక్కన ఉంటేనే కుట్టిన చదరం ఎత్తుగా కనబడుతుంది. దీనికి ఎదురుగా, అదే 18 చదరాలకు నిండుగా పూడ్చే డిజైను బదులు 6,000 కుట్లతో గీతలుగా నడిచే డిజైను ఎంచుకుంటే ధర 4,700కు దిగుతుంది. కుట్లు దట్టంగా ఉన్న చదరం అట్టలా బిగుసుకుంటుంది కాబట్టి గీత డిజైను బొంత కప్పుకోవడానికీ మెత్తగా ఉంటుంది. అమ్మకానికి నేను నిస్సంకోచంగా సూచించేది ఇదే.

అంతకన్నా తేలికగా అమ్ముడుపోయేది పసిపిల్లల బొంత. 36 అంగుళాల వెడల్పు, 48 అంగుళాల పొడవు, నాలుగు మూలలా నాలుగు డిజైన్లు ఉంటే 9 గంటల పని. పై లెక్క ప్రకారమే కట్టినా ధర 1,550 దాటదు. బారసాలకో, ఒడియా ఇళ్ళలో ఇరవైఒకటో రోజు వేడుకకో ఈ ధరలో వస్తువు వెతుక్కునేవారు ఎప్పుడూ ఉంటారు.

పిల్లల బొంత అంటే పేరు కుట్టమని అడుగుతారు. మిషన్‌లో ఉండే అక్షరాలు సాధారణంగా ఇంగ్లీషువే; తెలుగులోగానీ ఒడియాలోగానీ కావాలంటే కంప్యూటర్ మీద విడిగా తయారు చేయాలి. తెలుగు పేరుకు ఇంకొక చిక్కుంది. ‘శ్రీలక్ష్మి’ అని సెంటీమీటరు ఎత్తులో కుడితే క్ష కింద మవత్తు, దాని మీద గుడి కలిసిపోయి దారపు ముద్ద మిగులుతుంది. వత్తు ఉన్న అక్షరానికి కనీసం మూడు సెంటీమీటర్లు కావాలి, ముందు పాత గుడ్డముక్క మీద ఒకసారి కుట్టి చూడాలి. ఈ పనికి ధర విడిగా చెప్పాలి. అలవాటుగా ఉచితంగా చేసిపెడితే నెల తిరిగేసరికి ఆ వీధి మొత్తం ఉచితంగానే అడుగుతుంది.

కొన్న డిజైన్ల షరతులు కూడా చదవాలి. సొంత వాడకానికి ఒకలా, అమ్మకానికి ఒకలా నిబంధన పెట్టేవారు చాలామంది ఉన్నారు. పిల్లలు అడిగే కార్టూను బొమ్మలైతే కంపెనీల సొత్తు. వాటిని కుట్టి అమ్మకూడదు.

ఎక్కడ, ఎప్పుడు అమ్మాలి

బరంపురంలో, సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో చలి ఉండేది మార్గశిరం, పుష్యం నెలల్లోనే, అదీ కొంచెం. అక్కడ పలుచని దూది షీటు, లేదా అసలు దూది లేకుండా రెండు పొరల గుడ్డ చాలు. ఆ మేరకు ఖర్చూ తగ్గుతుంది. కొరాపుట్ వైపు సెమిలిగుడ, పొట్టంగి ఎత్తుల్లో మందమైన బొంతకే గిరాకీ. ఆశ్వయుజం నాటికే సరుకు సిద్ధంగా ఉండాలి, చలి మొదలయ్యాక కుట్టడం మొదలుపెడితే సగం కాలం కత్తిరించడంలోనే అయిపోతుంది.

ఒడిశా ప్రభుత్వ ‘మిషన్ శక్తి’ పథకం కింద నడిచే మహిళా స్వయం సహాయక సంఘాల మేళాల్లో పెట్టేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఒడిశాలో కొనేవారికి పిపిలి అతుకుపని (రంగు గుడ్డముక్కలను గుడ్డ మీద అతికి కుట్టే పని) చిన్నప్పటినుంచీ తెలుసు. గుడ్డ మీద రంగురంగుల బొమ్మ కనబడగానే ఆ ధరలతో పోలుస్తారు. మీ పని మిషన్ పని అని ముందే చెప్పండి, చేతిపని అనే భ్రమ కలిగించవద్దు. మీరు ధర అడుగుతున్నది 36 గంటలకు, అది దాచవలసిన సంగతి కాదు.

దుకాణంలో పెట్టి అమ్మించేటప్పుడు దుకాణదారు వాటా 30 శాతం అనుకుంటే, 5,820 మీ చేతికి రావాలంటే ధర బిళ్ళ మీద దాదాపు 8,300 ఉండాలి. 5,820కి 30 శాతం కలిపితే సరిపోతుందనుకుని 7,566 రాసేవారు ఉన్నారు. అందులో 30 శాతం పోతే 5,296 మిగులుతుంది, లాభంలో పెద్ద ముక్క అక్కడే పోయింది. దుకాణంలో ఒక ధర, ఇంటి దగ్గర ఒక ధర ఉంటే దుకాణదారు మొహం మాడ్చుకుంటాడు, అందులో తప్పు లేదు. ఇంటి దగ్గరా అదే ధర చెప్పడం, లేదా దుకాణానికి ఇచ్చే డిజైను ఇంటి దగ్గర అమ్మకపోవడం మంచిది.

సరిహద్దు ఊళ్ళకు మాత్రమే ఉండే చిక్కు పన్నుది. కేవలం వస్తువులు అమ్మేవారికి ఒడిశాలో ఏడాది అమ్మకం 40 లక్షలు దాటేవరకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అయితే ఆ వెసులుబాటు రాష్ట్రం లోపలి అమ్మకాలకే. పర్లాకిమిడి నుంచి ఆంధ్రలోని పాతపట్నం మనకు పక్కఊరే అయినా, అక్కడి దుకాణానికి సరుకు పంపితే అది రాష్ట్రం దాటిన అమ్మకం. చేతివృత్తుల వస్తువులకు కొంత మినహాయింపు ఉన్నా, ప్రధానంగా చేతితో చేసినవే ఆ లెక్కలోకి వస్తాయి కనుక మిషన్ పనికి అది వర్తిస్తుందని సొంతంగా తేల్చుకోవద్దు. ఇచ్ఛాపురం, పాతపట్నం దుకాణాలకు క్రమంగా పంపదలచినవారు ముందుగా లెక్కలు చూసే అకౌంటెంటును అడగాలి. బొంతల మీద పన్ను రేటు అమ్మకపు ధరను బట్టి మారుతుందని కూడా ఆయనకు గుర్తు చేయండి.

పెట్టుపోతలు

కానుక బొంతకు గంటలు లెక్కపెట్టనక్కర్లేదనుకుంటారు. ధర కట్టనక్కర్లేదు గానీ, లెక్క కావాలి. ఏడాదికి ఎన్ని బొంతలు ఊరికే ఇవ్వగలమన్నది సంవత్సరాదికే అనుకోవాలి. కూతురి సీమంతం, మేనకోడలి పెళ్ళి, ఒక పురుడు అంటే, మూడూ పెద్ద బొంతలే అయితే, అప్పటికే వంద గంటలు దాటాయి. మిగిలినవారికి కొన్న చీరే పెట్టవచ్చు, ఎవరూ చిన్నబుచ్చుకోరు.

కానుకగా ఇచ్చేదానిలో చేతికి అడ్డు పెట్టుకోనక్కర్లేదు. 35 చదరాలూ నింపవచ్చు, పెళ్ళికూతురి అమ్మమ్మ నేతచీర కొంగును మధ్య చదరంగా పెట్టవచ్చు, ఏ బజారు మనిషీ కొనని రంగులు కలపవచ్చు. అయితే పుచ్చుకునేవారు దాన్ని కప్పుకుంటారా, బీరువాలో దాచుకుంటారా అని ముందు ఆలోచించాలి. ఇస్త్రీ బట్టలే తప్ప ఎరగని ఇంటికి 36 గంటల పని ఇవ్వడంకన్నా, రోజూ ఉతికి వాడే ఇంటికి పసిపిల్ల బొంత ఇవ్వడం మేలు.

పెళ్ళిపందిట్లో చదివింపుల వేళ మాత్రం బొంత ఇవ్వవద్దు. పద్దు రాసే పెద్దమనిషి పొట్లం విప్పి చూడడు. మీ పేరు ఎదురుగా ‘దుప్పటి ఒకటి’ అని రాసి తర్వాతి పేరు పిలుస్తాడు. రేపు మీ ఇంట్లో శుభకార్యానికి ఆ పద్దు చూసే వాళ్ళు తిరిగి పెడతారు, మీకు వచ్చేదీ దుప్పటే. సారెతోపాటు ఇంటికి తీసుకువెళ్ళి, మంచం మీద పరిచి చూపించి ఇస్తే ఏమి ఇచ్చారో వారికి తెలుస్తుంది.

సగం ధర మాట

అమ్మకానికీ కానుకకూ మధ్య ఒక మూడో దారి ఉంటుంది, దాన్ని మూసేయాలి. ‘‘గుడ్డ మేమే తెచ్చిస్తాం వదినా, ఖాళీగా ఉన్నప్పుడు ఒకటి కుట్టి పెట్టు, ఎంతో కొంత ఇస్తాంలే’’ అనే మాటలో కానుక లేదు, అమ్మకమూ లేదు. సగం ధర ఇచ్చినవారికి తాము కొన్నామనే అనిపిస్తుంది, అందుకని రంగు నచ్చలేదనీ ఆలస్యమైందనీ అంటారు. సగం ధరకు చేసినవారికి తాము పెట్టామనే అనిపిస్తుంది, అందుకని ఆ మాటకు నొచ్చుకుంటారు. పైగా ఆ సగం ధరే ఊళ్ళో మీ ధరగా స్థిరపడిపోతుంది.

దగ్గరివారికి తగ్గించదలచుకుంటే ముందు పూర్తి ధర చెప్పి, చీటీ మీద రాసి, దాని కింద పది శాతం తగ్గించినట్టు కనబడేలా రాయండి. లేదా ధర తగ్గించకుండా పేరు ఉచితంగా కుట్టివ్వండి. ‘‘ఇది రెండు వారాల పని పిన్నీ, ఇంతవుతుంది. మీ మనవడి బారసాలకు మాత్రం నేనే ఒకటి పెడతాను’’ అంటే మర్యాదా పోదు, కూలీ పోదు. గుడ్డ తామే తెస్తామన్నవారికి సామగ్రిలో గుడ్డ ఖరీదు మాత్రమే తీసేయాలి. వారు తెచ్చిన గుడ్డ ముందు నీళ్ళలో నానబెట్టి ఆరబెట్టనిదే కత్తెర పెట్టవద్దు. ముడుచుకునే గుడ్డ మీద ఎంబ్రాయిడరీ చేస్తే మొదటి ఉతుకులోనే చదరం చుట్టూ గుడ్డ కుచ్చెళ్ళు పడుతుంది, ఆ నింద కుట్టినవారి మీదికే వస్తుంది.

ఆర్డరు ఎవరిదైనా సగం డబ్బు ముందే తీసుకోవాలి. పై లెక్కలో సగం అంటే 2,900. గుడ్డకూ దారానికీ చేతి డబ్బు పెట్టే పని తప్పుతుంది. మొదటి చదరం కుట్టగానే ఫొటో పంపి సరేననిపించుకోండి, ఆ తర్వాత రంగు మార్చమంటే ఎన్ని చదరాలు విప్పాలో అన్ని గంటల కూలి అదనమని ఆర్డరు చీటీలోనే రాసి ఉంచండి. అప్పగించేటప్పుడు అమ్మినదానికైనా, పెట్టినదానికైనా ఒక చిన్న కాగితం జతచేయాలి: మొదటిసారి విడిగా చల్లనీళ్ళలో ఉతకాలి, గట్టిగా పిండకూడదు, నీడన ఆరేయాలి, ఇస్త్రీ వెనకవైపునుంచే చేయాలి.